కాల్‌పఫ్ రివ్యూ: సల్ఫర్ ఎక్కడ పడుతుందో చెబుతుంది, పీహెచ్ మాత్రం అడగకండి

ఫ్యాక్టరీ వాళ్లు మమ్మల్ని పిలిచి అడిగేది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "మా చిమ్నీ వల్ల చుట్టుపక్కల ఆమ్ల వర్షం పడుతుందా? పడితే దాని పీహెచ్ ఎంత?" ఈ మాట వినగానే వాయు కాలుష్యం మోడలింగ్ చేసేవాళ్లలో చాలామంది కాల్‌పఫ్ తెరుస్తారు. నేనూ అదే తెరుస్తాను. కానీ ఆ ప్రశ్నలో ఒక సగానికే ఈ సాఫ్ట్‌వేర్ దగ్గర సమాధానం ఉంది. అది ఏ సగమో తెలియకుండా వాడితే రంగురంగుల మ్యాపులు వస్తాయి, రిపోర్టు లావవుతుంది, అసలు సంగతి మాత్రం తేలదు. కాబట్టి మార్కులు ముందే వేసేస్తాను. సల్ఫర్, నైట్రోజన్ ఏ దిక్కున ఎన్ని కిలోలు పడతాయో తెలుసుకోవడానికైతే ఐదుకు నాలుగు. వాననీటి పీహెచ్ చెప్పడానికైతే సున్నా. ఆ సున్నా దాని తప్పు కూడా కాదు, ఆ పనికి దాన్ని తయారుచేయలేదు.

చిమ్నీలోంచి వచ్చే వాయువు గాలిలో ఎటు పోతుంది, దారిలో ఏ రసాయనంగా మారుతుంది, అందులో ఎంత నేలకు దిగుతుంది అన్నది గంట గంటకూ లెక్కకట్టే ప్రోగ్రామ్ ఇది. కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు కోసం సిగ్మా రీసెర్చ్ అనే సంస్థ మొదట తయారుచేసింది. ఆ తర్వాత చేతులు మారుతూ వచ్చింది. మేం ఇప్పటికీ తిరగేసే యూజర్ గైడ్ 2000 జనవరి నాటిది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2003లో దీన్ని 50 కిలోమీటర్లు దాటిన దూరాలకు సిఫారసు మోడల్‌గా పెట్టుకుంది. 2017 జనవరిలో ఆ హోదా తీసేసి, తొలి అంచనాకు వాడుకోదగ్గ పద్ధతిగా మిగిల్చింది. అప్పటి నుంచి "అయితే ఇక కాల్‌పఫ్ పని అయిపోయినట్టేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అయిపోలేదు. నిబంధనల్లో ఒక మోడల్ హోదా మారినంత మాత్రాన అందులోని లెక్కలు రాత్రికి రాత్రి పాడైపోవు. అలాగని పాత హోదా చూసి కళ్లు మూసుకుని నమ్మాల్సిన అవసరమూ లేదు.

స్థానిక కాలుష్యానికి అందరూ వాడే ఏర్‌మాడ్ ఉండగా దీని జోలికి ఎందుకు వెళ్లాలి? రెండు కారణాలు. ఏర్‌మాడ్ ప్రతి గంటకూ చిమ్నీ నుంచి ఒక తిన్నని పొగ తీగ గీస్తుంది. ఆ గంటలో గాలి ఎటు ఉంటే తీగ అటే, 50 కిలోమీటర్ల దాకా. తర్వాతి గంటలో గాలి తిరిగితే పాత తీగ మాయమై కొత్తది వస్తుంది. కాల్‌పఫ్ అలా కాదు. పొగను చిన్న చిన్న ముద్దలుగా వదిలి, ఒక్కో ముద్ద వెంటా పడుతుంది. పొద్దున బయల్దేరిన ముద్ద మధ్యాహ్నం గాలి తిరిగితే తనూ తిరుగుతుంది, రాత్రి గాలి ఆగిపోతే ఉన్నచోటే నిలబడిపోతుంది, తెల్లారి వాన మొదలైతే అక్కడే కడిగేసుకుపోతుంది. లోయల్లోనూ సముద్రపు ఒడ్డునా ఈ తేడా చాలా పెద్దది. రెండో కారణం రసాయనం. ఏర్‌మాడ్‌లో వానకు దిగే భాగం లెక్క ఉంది గానీ, సల్ఫర్ డయాక్సైడ్ సల్ఫేట్‌గా, నైట్రోజన్ ఆక్సైడ్లు నైట్రిక్ ఆమ్లంగా మారే వరస లేదు. ఆమ్ల వర్షం గురించి మాట్లాడాలంటే ఆ వరస లేకుండా కుదరదు.

ప్రోగ్రామ్ ఉచితమే. వాడటం సులువు అనడం మాత్రం అబద్ధం. ఇది ఒక ప్రోగ్రామ్ కూడా కాదు, ఒక కుటుంబం. గాలిని సిద్ధం చేసేది కాల్‌మెట్, ముద్దల్ని నడిపేది కాల్‌పఫ్, ఫలితాలను కలిపి మార్చేది పోస్ట్‌యుటిల్, చివరికి పట్టికలు తీసేది కాల్‌పోస్ట్. వీటికి ముందు ఎత్తుపల్లాలకు ఒకటి, భూమి వాడకానికి ఒకటి, ఆ రెంటినీ కలపడానికి ఇంకొకటి, వాన రికార్డులు లాగడానికి ఒకటి, అతకడానికి మరొకటి. అన్నీ ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసినవే. బటన్లున్న విండో ఒకటి విడిగా ఉంది, కానీ కొన్నాళ్లకు అందరూ దాన్ని వదిలేసి నోట్‌ప్యాడ్‌లోనే పని చేసుకుంటారు.

సెట్టింగులన్నీ రాసి ప్రోగ్రామ్‌కు ఇచ్చే కంట్రోల్ ఫైల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు భయపడేది అక్కడే. వందల లైన్ల మామూలు టెక్స్ట్ ఫైల్ అది. అందులో రెండు ఆశ్చర్యార్థక గుర్తుల మధ్య ఉన్నదాన్నే ప్రోగ్రామ్ చదువుతుంది. మిగతాదంతా మన కోసం రాసిన వివరణ. ఒక గుర్తు పొరపాటున చెరిగిపోతే ఆ లైన్ ప్రోగ్రామ్ కంటికి లేనట్టే. మాతో కొత్తగా చేరిన కుర్రాడు మొదటిసారి ఫైల్ తెరిచి, "ఏంటి మేడమ్, లైన్ లైన్‌కీ ఇంత ఆశ్చర్యపోతోంది?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, నిజం చెప్పాలంటే ఈ పద్ధతి నాకు ఇష్టం. ప్రతి అంకె పక్కనే దాని అర్థం, యూనిట్, డిఫాల్ట్ విలువ రాసి ఉంటాయి. ఏళ్ల తర్వాత తెరిచినా ఏం పెట్టి నడిపామో ఒక్క ఫైల్‌లో కనిపిస్తుంది. మెరిసిపోయే కొత్త సాఫ్ట్‌వేర్లు చాలావాటికి ఈ గుణం లేదు.

కాల్‌మెట్ గురించి ఎక్కువ చెప్పను. వాతావరణ మోడల్ నుంచి ఏడాది పొడవునా గంటకో గాలి పటం తెచ్చి, కొండలకూ లోయలకూ తగ్గట్టు సర్దుతుంది. డిస్క్ నింపేస్తుంది. గాలి తప్పయితే తర్వాత వచ్చేవన్నీ తప్పే.

ఇక చిమ్నీ దగ్గరికి వద్దాం. కాల్‌పఫ్‌కు సెకనుకు ఎన్ని గ్రాములు వెలువడుతున్నాయో చెప్పాలి. ఫ్యాక్టరీలు ఆ అంకెను ఆ రూపంలో ఇవ్వవు. ఒకచోట ఏడాదికి టన్నులు ఇస్తారు, ఇంకోచోట క్యూబిక్ మీటరుకు మిల్లీగ్రాములు ఇచ్చి గ్యాస్ ఎంతో చెప్పరు. అందుకే నేను ముందు బొగ్గు నుంచే లెక్క మొదలుపెడతాను. గంటకు 100 టన్నుల బొగ్గు, అందులో సల్ఫర్ 0.5 శాతం అనుకోండి. గంటకు అర టన్ను సల్ఫర్. సల్ఫర్ పరమాణు భారం 32, సల్ఫర్ డయాక్సైడ్ అణుభారం 64, అంటే బరువు రెట్టింపై గంటకు ఒక టన్ను వాయువు అవుతుంది. సెకనుకు దాదాపు 278 గ్రాములు. బూడిదలో కొద్దిగా ఉండిపోతుంది, సుమారు 5 శాతం తీసేస్తే 264. సల్ఫర్ తొలగించే స్క్రబ్బర్ 90 శాతం పట్టుకుంటే 26. ఫ్యాక్టరీ ఇచ్చిన అంకె ఈ చుట్టుపక్కల లేకపోతే నేను మోడల్ నడపను, ఫోన్ చేస్తాను. ఈ ఒక్క ఫోన్ కాల్ వల్ల మారినంతగా నా ఫలితాలు ఏ సెట్టింగ్ వల్లా మారలేదు.

ఇప్పుడు అసలు సరుకు, అంటే రసాయనం. ఎక్కువమంది వాడే పద్ధతిలో ఐదు పదార్థాలుంటాయి: సల్ఫర్ డయాక్సైడ్, సల్ఫేట్, నైట్రోజన్ ఆక్సైడ్లు, నైట్రిక్ ఆమ్లం, నైట్రేట్. పగటిపూట సల్ఫర్ డయాక్సైడ్ ఎంత వేగంగా సల్ఫేట్ అవుతుందన్నది ఎండ, ఓజోన్, గాలి స్థిరత్వం చూసి ఒక సూత్రంతో తీస్తుంది. మంచి ఎండలో, ఓజోన్ 40 పీపీబీ (వంద కోట్ల వంతుల గాలిలో 40 వంతులు) ఉంటే గంటకు 0.8 శాతం దరిదాపుల్లో వస్తుంది. రాత్రికి డిఫాల్ట్ గంటకు 0.2 శాతం. ఈ అంకెలు చూస్తేనే ఒక విషయం అర్థమవుతుంది. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తే 50 కిలోమీటర్లు దాటడానికి మూడు గంటలు కూడా పట్టదు. ఆ మూడు గంటల్లో సల్ఫేట్‌గా మారేది రెండు మూడు శాతమే. అంటే చిమ్నీకి దగ్గర్లో నేలకు దిగే సల్ఫర్‌లో ఎక్కువ భాగం ఇంకా మారని సల్ఫర్ డయాక్సైడే, అందులోనూ చాలావరకు వానతో పని లేకుండా నేరుగా ఆకులకూ మట్టికీ తగిలి దిగేది. "ఆమ్ల వర్షం" అని అడిగినవాళ్లకు ఈ పొడిగా పడే భాగం గురించి విడిగా చెప్పాల్సి వస్తుంది. వాన లేని నెలలో కూడా చెట్టుకు సల్ఫర్ అందుతూనే ఉంటుంది. కాల్‌పఫ్ ఈ రెండింటినీ వేర్వేరు ఫైళ్లలో ఇస్తుంది. దీనికి మాత్రం పూర్తి మార్కులు.

డిఫాల్ట్‌ల దగ్గర జాగ్రత్త. గాలిలో ముందే ఉండే ఓజోన్‌కు ఫైల్‌లో 80 పీపీబీ అని ఉంటుంది. దాన్ని కొలిచిన విలువలతో మార్చకుండా వదిలేసే రిపోర్టులు కొల్లలు. 80 బదులు 40 పెడితే పగటిపూట పొడిగాలిలో సల్ఫేట్ తయారయ్యే వేగం దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. అమోనియాకు డిఫాల్ట్ 10 పీపీబీ. గడ్డిభూములకు అది సరిపోతుందనీ, అడవులకు 0.5, పొడి నేలలకు 1 వాడమనీ అమెరికాలో 1998 నాటి సిఫారసు. పదికీ అరకూ మధ్య ఇరవై రెట్ల తేడా. అమోనియా ఎక్కువుంటే నైట్రిక్ ఆమ్లం నైట్రేట్ కణాలుగా మారుతుంది, తక్కువుంటే వాయువుగానే ఉండిపోయి దగ్గర్లోనే త్వరగా నేలకు దిగుతుంది. ఒక్క అంకె మార్చితే నైట్రోజన్ మ్యాప్ ఆకారమే మారిపోతుంది. పైగా మోడల్ ఒక్కో పొగ ముద్దకూ అమోనియా మొత్తం తనకే దొరికినట్టు లెక్కేస్తుంది. ఒకేచోట పది ముద్దలు కలిస్తే అదే అమోనియాను పదిమందీ వాడుకున్నట్టే. దాన్ని సరిచేసే సదుపాయం పోస్ట్‌యుటిల్‌లో ఉంది, కానీ అడిగితేనే చేస్తుంది.

వాన కడిగేసే లెక్క దీనికన్నా సింపుల్, కొంచెం ఎక్కువే సింపుల్. ఒక్కో పదార్థానికి ఒక గుణకం ఉంటుంది, దాన్ని గంటకు పడే మిల్లీమీటర్లతో గుణిస్తారు. సల్ఫర్ డయాక్సైడ్‌కు అది సెకనుకు 0.00003, సల్ఫేట్‌కూ నైట్రేట్‌కూ 0.0001, నైట్రిక్ ఆమ్లానికి 0.00006. మామూలు భాషలో చెప్పాలంటే, గంటకు ఒక మిల్లీమీటరు తుంపర పడితే ముద్దలోని సల్ఫర్ డయాక్సైడ్‌లో 10 శాతం, సల్ఫేట్‌లో 30 శాతం ఆ గంటలో కిందికి దిగుతాయి. గంటకు 10 మిల్లీమీటర్ల వాన అయితే సల్ఫర్ డయాక్సైడ్‌లో మూడింట రెండు వంతులు పోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లకు గుణకం సున్నా. అవి నీటిలో సరిగా కరగవు, నైట్రిక్ ఆమ్లంగా మారేదాకా వాన వాటిని ముట్టుకోదు. మంచు పడితే సల్ఫర్ డయాక్సైడ్‌కూ సున్నానే.

ఇక్కడే నా ప్రధాన అభ్యంతరం. నిజమైన వాన చినుకు ముందే ఆమ్లంగా ఉంటే సల్ఫర్ డయాక్సైడ్‌ను తక్కువ పీల్చుకుంటుంది. క్షార ధూళి కలిసి ఉంటే ఎక్కువ పీల్చుకుంటుంది. కాల్‌పఫ్ గుణకానికి ఆ తేడా తెలియదు. దానికి చినుకులన్నీ ఒకటే. మేఘం లోపలి సంగతి ఇంకా దూరం. సల్ఫర్ డయాక్సైడ్ మేఘపు నీటిలో కరిగి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే గంటకు ఒక శాతం కాదు, ఆ పెరాక్సైడ్ ఉన్నంతవరకు చకచకా సల్ఫ్యూరిక్ ఆమ్లం అయిపోతుంది. ఓజోన్‌తోనూ అవుతుంది గానీ, నీరు ఆమ్లమయ్యే కొద్దీ ఆ దారి మూసుకుపోతుంది. పైన చెప్పిన ఐదు పదార్థాల పాత పద్ధతి ఇదంతా గాలి తేమను బట్టి ఒక చిన్న అదనపు పదంతో సరిపెడుతుంది. తేమ 100 శాతం ఉంటే గంటకు 3 శాతం, 50 శాతం ఉంటే 0.2 కూడా ఉండదు. పొగమంచు కమ్మిన ఉదయానికి ఆ 3 శాతం చాలా తక్కువ. తర్వాతి వెర్షన్లలో మేఘపు నీటి రసాయనానికి విడిగా ఆప్షన్ పెట్టారు. 1980లలో ఆమ్ల వర్షం కోసమే తయారైన ర్యాడమ్ అనే ప్రాంతీయ మోడల్ నుంచి తెచ్చుకున్నదది. ఆన్ చేసి చూడండి, చేయకుండా చూడండి, రెండూ రిపోర్టులో పెట్టండి. ఆమ్ల వర్షం పేరుతో రిపోర్టు రాస్తూ దాన్ని ఆఫ్‌లో ఉంచడం నా దృష్టిలో బద్ధకమే.

వాన డేటా దగ్గర ఇంకొక చిక్కు. గంట గంట వాన రికార్డు దొరక్కపోతే, రోజు మొత్తాన్ని 24తో భాగించి పంచేస్తుంటారు. 10 మిల్లీమీటర్లు ఒక్క గంటలో కుండపోతగా పడిందా, రోజంతా గంటకు 0.4 చొప్పున జల్లుగా పడిందా అన్నది మోడల్‌కు పూర్తిగా వేరు వేరు కథలు. నిజంగా వాన పడిన ఆ గంటలో గాలి తూర్పుకు వీస్తుంటే సల్ఫర్ తూర్పున పడాలి. 24తో భాగించేస్తే అది రోజంతా గాలి తిరిగిన అన్ని దిక్కులకూ పంచబడుతుంది. మ్యాప్ మీద చిమ్నీ చుట్టూ చక్కటి గుండ్రటి మచ్చ కనిపిస్తే నాకు మొదటి అనుమానం ఇదే. వర్షాకాలపు గాలి ఒకే దిక్కు నుంచి వచ్చే చోట తడి సల్ఫర్ మచ్చ గుండ్రంగా ఎలా ఉంటుంది?

ఇక పీహెచ్. కాల్‌పఫ్ అవుట్‌పుట్‌లో ఆ కాలమ్ లేదు. ఉండేది చదరపు మీటరుకు, సెకనుకు ఇన్ని గ్రాములు అన్న అంకె. దాన్ని ఏడాదికి హెక్టారుకు కిలోలుగా మార్చాలంటే 31,53,60,000తో గుణించాలి. అంతకన్నా ముందు పదార్థాలను సల్ఫర్‌గా, నైట్రోజన్‌గా మార్చాలి. సల్ఫర్ డయాక్సైడ్‌లో సగం, సల్ఫేట్‌లో మూడో వంతు సల్ఫర్. నైట్రోజన్ దగ్గర అమెరికాలో అటవీ భూములను చూసుకునే సంస్థలకిచ్చే లెక్కల్లో ఒక తమాషా ఉంది. నైట్రేట్‌లో నైట్రోజన్ 0.226 వంతే, కానీ గుణకం 0.4516 పెడతారు. సల్ఫేట్‌కు కూడా నైట్రోజన్ గుణకం 0.2917 ఉంటుంది. ఈ కణాలు నేలకు దిగేటప్పుడు అమోనియంతో కలిసి దిగుతాయి కాబట్టి ఆ నైట్రోజన్‌ను కూడా ఫ్యాక్టరీ ఖాతాలోనే వేస్తారన్నమాట. అమోనియా వదిలింది పక్క పొలమైనా సరే. న్యాయమో కాదో వాదించుకోవచ్చు గానీ, గుణకాలు ఏవి వాడారో రాయకుండా నైట్రోజన్ అంకె ఇవ్వడం మాత్రం కుదరదు.

ఈ కిలోల నుంచి పీహెచ్‌కు ఎందుకు వెళ్లకూడదో కాగితం మీదే చూపిస్తాను. ఏడాదికి 1000 మిల్లీమీటర్ల వాన పడే చోట హెక్టారు మీద కోటి లీటర్ల నీరు పడుతుంది. వానలో 5 కిలోల సల్ఫర్ మొత్తం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా దిగి, దాన్ని విరిచేది ఏదీ లేకపోతే సగటు పీహెచ్ 4.5 దగ్గరికి వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల శుభ్రమైన వానకే 5.6 ఉంటుంది కాబట్టి ఇది స్పష్టంగా ఆమ్ల వర్షమే. ఇప్పుడు అదే వానలో మట్టి ధూళి నుంచో సిమెంటు దుమ్ము నుంచో హెక్టారుకు ఆరు కిలోల చిల్లర కాల్షియం కార్బొనేట్ రూపంలో కలిసిందనుకోండి. ఆ ఆమ్లమంతా విరిగిపోతుంది. సల్ఫర్ అదే 5 కిలోలు, వాన మాత్రం ఆమ్లం కాదు. కాల్‌పఫ్ ఆమ్లం వైపే లెక్కేస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, పొలాల నుంచి వచ్చే అమోనియం గురించి దానికి తెలియదు. పైగా అది ఇచ్చేది మీరు చెప్పిన చిమ్నీల వాటా మాత్రమే. వందల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చి పడేది ఆ అంకెలో లేదు. అందుకని ఈ అవుట్‌పుట్‌ను ఎక్సెల్‌లో పడేసి లాగరిథమ్ కొట్టి "పీహెచ్ 5.2" అని రాసిన రిపోర్టు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు దశాంశ స్థానాలు కూడా ఇచ్చేవాళ్లున్నారు.

ఇదే ఊపులో ఇంకొకటి. కొలిచిన పీహెచ్‌లను నేరుగా సగటు చేయకండి. ఒక వానకు 4, అంతే పడిన ఇంకో వానకు 6 వస్తే సగటు 5 కాదు, 4.3. హైడ్రోజన్ అయాన్లను సగటు చేసి వెనక్కి మార్చాలి, వాన ఎంత పడిందో ఆ బరువు కూడా ఇవ్వాలి. మోడల్‌ను కొలతలతో పోల్చేటప్పుడు నేను పీహెచ్ వైపు చూడను. వాననీటిలోని సల్ఫేట్‌ను చూస్తాను, అదీ వాన పడినప్పుడే మూత తెరుచుకునే సేకరణ పాత్ర నుంచి తీసిన నమూనాలో. ఎప్పుడూ మూత తీసి ఉండే పాత్రలో ధూళి కూడా పడుతుంది, అది మోడల్‌లోని తడి భాగంతో పోల్చడానికి పనికిరాదు. ఒక్కో వానకు ఒక్కో గంటకు సరిపోలాలని ఆశ పెట్టుకోకండి. మోడల్‌లో ముద్ద ఒక కిలోమీటరు పక్క నుంచి పోయినా ఆ గంట అంకె తలకిందులవుతుంది. సీజన్ మొత్తానికి పోల్చితే పరిస్థితి చాలా మెరుగు.

వేరే సరుకు సంగతి? సీమ్యాక్ అనే ప్రాంతీయ మోడల్‌లో మేఘపు రసాయనం, అమోనియా, ధూళి అన్నీ ఉన్నాయి, ప్రాంతం మొత్తానికి పీహెచ్ దగ్గరగా వెళ్లాలంటే దారి అదే. కానీ అది గళ్ల మోడల్. నాలుగు కిలోమీటర్ల గడిలో మీ చిమ్నీ పొగ పడిన క్షణమే గడి అంతా కలిసిపోతుంది, చిమ్నీకి రెండు కిలోమీటర్ల దూరంలోని చెరువు సంగతి అడిగితే చెప్పలేదు. దాని ఇన్‌పుట్‌కు ప్రాంతంలోని ప్రతి వాహనం, పొలం, ఫ్యాక్టరీ లెక్క కావాలి. చిన్న బృందానికి తలకు మించిన పని. హైస్‌ప్లిట్ అనే ఇంకో ప్రోగ్రామ్‌తో ఒక వాన పడిన గంట నుంచి గాలిని వెనక్కి నడిపి, ఎటు నుంచి వచ్చిందో చూడొచ్చు. కాల్‌పఫ్ పని మొదలుపెట్టే ముందు నేను అది తప్పకుండా చేస్తాను, గంటలో అయిపోతుంది. ఒక్కోసారి ఆమ్లంగా వచ్చిన వానకూ మనల్ని పిలిచిన ఫ్యాక్టరీకీ సంబంధమే లేదని అక్కడే తేలిపోతుంది.

ఎవరు వాడాలి అంటే, చిమ్నీలు కొన్నే ఉండి, వాటి వివరాలు గట్టిగా తెలిసి, గంట గంట వాన, గాలి డేటా చేతిలో ఉన్నవాళ్లు. స్క్రబ్బర్ పెడితే ఎక్కడ ఎంత తగ్గుతుంది, చిమ్నీ ఎత్తు పెంచితే సల్ఫర్ తగ్గుతుందా లేక పక్కవాళ్ల మీదికి జరుగుతుందా, కొత్త యూనిట్ ఈ కొండకు ఇటు ఉండాలా అటు ఉండాలా, ఇలాంటి పోల్చి చూసే ప్రశ్నలకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎందుకంటే వానలోనూ అమోనియాలోనూ ఉన్న లోపం రెండు వైపులా ఒకేలా ఉంటుంది, తేడా తీసేటప్పుడు చాలావరకు కొట్టుకుపోతుంది. ఒంటరి అంకె మీద అంత నమ్మకం పెట్టుకోను. అమోనియా 1తో ఒకసారి, 10తో ఒకసారి, మేఘపు రసాయనం ఉంచి ఒకసారి, తీసి ఒకసారి నడిపి, వచ్చిన కనిష్ఠం గరిష్ఠం రెండూ ఇస్తాను. క్లయింట్లకు ఇది నచ్చదు, ఒక్కటే అంకె చెప్పమంటారు. చెప్పను.

వెర్షన్ విషయంలో ఒక మాట. 5.8 వరసా 7 వరసా ఒకే ఇన్‌పుట్‌కు ఒకే జవాబు ఇవ్వాలన్న రూలేమీ లేదు, ఆప్షన్లే వేరు. నియంత్రణ సంస్థ ఏది అడిగితే అది వాడండి, వాళ్లు ఏమీ చెప్పకపోతే కొత్తది. వెర్షన్, లెవెల్ నంబర్లు అవుట్‌పుట్ లిస్ట్ ఫైల్ మొదట్లోనే ఉంటాయి, వాటిని రిపోర్టులోకి ఎక్కించండి.

తర్వాతి వెర్షన్‌లో నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఓజోన్‌కు గంట గంట ఫైల్ ఇచ్చే వీలుంది కదా, అలాగే వాననీటి కాల్షియం, మెగ్నీషియం, అమోనియం కొలతలకు కూడా ఒక ఫైల్ తీసుకునే చోటు పెడితే చాలు. వాన కేంద్రం దగ్గర కొలిచిన క్షారాన్ని మోడల్ లెక్కేసిన ఆమ్లంలోంచి తీసి, మిగిలిన హైడ్రోజన్ అయాన్ ఎంతో కాల్‌పోస్ట్ చూపిస్తుంది. కోడ్ చదవడానికి అందుబాటులోనే ఉంది, ఫోర్ట్రాన్ వచ్చినవాళ్లు ఎవరైనా మొదలుపెడితే పరీక్షించి చూసే పని నాది.